ఒక బొటనవేలు, ఇద్దరు అన్నదమ్ములు: సూపర్‌స్టార్ సాగా ఆడటం ఎలా?

టర్న్-బేస్డ్ ఆటలంటే మనకో అలవాటు ఉంటుంది. మన వంతు రాగానే ఏ దెబ్బ కొట్టాలో ఎంచుకుంటాం. శత్రువు వంతు రాగానే కన్సోల్ ఒళ్ళో పెట్టుకుని టీ గ్లాసు అందుకుంటాం. 'మారియో అండ్ లుయిగి: సూపర్‌స్టార్ సాగా' మొదటిసారి ఆడినప్పుడు నేనూ అదే చేశాను. టీ చల్లారకముందే ఇద్దరూ చిత్తయిపోయారు. లెవల్ తక్కువేమో అనుకుని ఓ గంట చిన్నాచితకా శత్రువుల్ని కొట్టి లెవల్ పెంచుకుని వచ్చాను. మళ్ళీ చిత్తే.

ఈ ఆటలో శత్రువు వంతే అసలు ఆట అని అప్పుడర్థమైంది. మీద పడే ప్రతి దెబ్బనీ సరైన క్షణంలో గెంతి తప్పించుకోవచ్చు, లేదా సుత్తితో తిప్పికొట్టొచ్చు. చేయి తిరిగితే తక్కువ లెవల్‌తోనే పెద్ద బాస్‌ల్ని పడగొట్టొచ్చు. తిరగకపోతే ఎంత లెవల్ పెంచినా ప్రాణం నింపే పుట్టగొడుగులు కొనడానికే కాయిన్లు చాలవు. ఈ మార్గదర్శిలో సగం తప్పించుకోవడం గురించే ఉండటానికి కారణం అదే.

ముందు ఆట సంగతి కాస్త

2003 నవంబరులో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి కన్సోల్ మీద వచ్చిందిది. తయారుచేసింది ఆల్ఫాడ్రీమ్ అనే జపాన్ సంస్థ, విడుదల చేసింది నింటెండో. సంగీతం యోకో షిమొమురా, 'స్ట్రీట్ ఫైటర్ 2' సంగీతంలో పెద్ద చేయి ఆవిడదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఆడండి.

కథ పూర్తిగా నవ్వులాట. పక్క రాజ్యం బీన్‌బీన్ నుంచి రాయబారి వేషంలో వచ్చిన కాకలెట్టా అనే మంత్రగత్తె, ఆమె శిష్యుడు ఫాఫుల్ కలిసి యువరాణి పీచ్ గొంతు ఎత్తుకుపోతారు. దానికి బదులు ఆమెకు మిగిలే గొంతు ఎలాంటిదంటే, మాట్లాడితే ముత్యాలు రాలతాయంటారే, ఇక్కడ బాంబులు రాలతాయి. యువరాణిని ఎత్తుకెళ్దామని వచ్చిన మారియో పాత శత్రువు బౌజర్‌కి కూడా ఇది నచ్చదు. బాంబులు కక్కే యువరాణిని ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాడు? అందుకని మారియోతో కలిసి తన విమానంలోనే బయల్దేరతాడు. లుయిగి అన్నకి టాటా చెప్పడానికి వచ్చి, అనుకోకుండా అందులో ఇరుక్కుపోతాడు. పాపం, ఆట మొత్తం అతని బతుకు అంతే.

ఇప్పుడు ఆడాలంటే రెండు దారులు. ఒకటి, నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లో ఎక్స్‌పాన్షన్ ప్యాక్ సభ్యత్వం. 2023 ఫిబ్రవరిలో గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటలు అందులో చేరినప్పుడు మొదటి విడతలోనే ఇదీ వచ్చింది. రెండోది, 2017లో నింటెండో వారి ఇంకో చేతి కన్సోల్ 3డీఎస్ కోసం చేసిన రీమేక్. బొమ్మలు కొత్తవి, కింది తెర మీద మ్యాప్ ఎప్పుడూ కనబడుతుంది, బౌజర్ సైన్యం గురించి ఇంకో చిన్న ఆట అదనం. అయితే 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణం 2023 మార్చిలో మూతపడింది కాబట్టి పాత కార్ట్రిడ్జ్ వెతుక్కోవాలి. నేను చెప్పేది పాత ఆట గురించే. రీమేక్‌లో చిన్నచిన్న తేడాలున్నా పద్ధతి ఒకటే.

ఒక్క మాట. ఫాఫుల్ మాట్లాడే ఇంగ్లిషు కావాలనే వంకరటింకరగా రాశారు. అర్థం కాకపోతే మీ ఇంగ్లిషుని అనుమానించకండి.

1. బొటనవేలు సర్దుకోండి

యుద్ధంలో 'ఏ' (A) బటన్ మారియోది, 'బి' (B) బటన్ లుయిగిది. ఎవరి మీదికి దెబ్బ వస్తే వాళ్ళ బటన్ నొక్కాలి. చెప్పడానికి ఇంతే. కష్టమల్లా రెండు బటన్లూ కుడి బొటనవేలి కిందే ఉండటం.

కొత్తవాళ్ళు వేలిని 'ఏ' మీది నుంచి 'బి' మీదికి, 'బి' మీది నుంచి 'ఏ' మీదికి ఎత్తి ఎత్తి వేస్తుంటారు. అలా వేస్తే సగం క్షణం ఆలస్యం, ఆ సగం క్షణంలోనే దెబ్బ పడిపోతుంది. వేలిని రెండు బటన్ల మీదా అడ్డంగా వాల్చండి. ఒకదాని మీద వేలి కొన, ఇంకోదాని మీద కణుపు దగ్గరి భాగం ఉండాలి. ఎత్తక్కర్లేదు, కాస్త అటూ ఇటూ ఒరిగిస్తే చాలు. రెండూ ఒకేసారి నొక్కాల్సిన దెబ్బలూ వస్తాయి, అప్పుడు మొత్తం వేలితో అదమడమే. ఇదీ కుదరకపోతే కన్సోల్‌ని బల్ల మీద పెట్టి చూపుడువేలు ఒకదానికి, మధ్యవేలు ఒకదానికి కేటాయించండి. చూసేవాళ్ళకి హార్మోనియం వాయిస్తున్నట్టుంటుంది, కానీ పనిచేస్తుంది.

మా ఇంట్లో పిల్లలు ఒకే కంట్రోలర్ పట్టుకుని 'ఏ' ఒకడు, 'బి' ఒకడు పంచుకుని ఆడారు. అన్నదమ్ముల ఆటని అన్నదమ్ములు పంచుకోవడం బాగానే ఉందనుకున్నాను. పది నిమిషాలకి తెర బయట యుద్ధం మొదలైంది.

2. మొదటి గంట: కొట్టడం మానేసి చూడండి

ఆట మొదట్లోనే బౌజర్‌తో ఓ చిన్న పోరు, తర్వాత విమానంలో గూంబాలు, ఆపైన ఫాఫుల్ వస్తారు. ఫాఫుల్ విమానాన్ని కూల్చేశాక రెండు రాజ్యాల సరిహద్దు, స్టార్‌డస్ట్ ఫీల్డ్స్‌లో పడతారు. అక్కడ సరిహద్దు కాపలా అన్నదమ్ములు మీ చేత తాడాట ఆడిస్తారు. తాడు వచ్చినప్పుడల్లా ఇద్దర్నీ గెంతించాలి. దాన్ని విసుక్కుంటూ దాటెయ్యొద్దు. కన్నూ వేలూ కలిసి పనిచేయడానికి ఇంతకంటే మంచి సాధన ఆటలో ఇంకెక్కడా లేదు.

ఇక నేను కనిపెట్టిన సాధన చెప్తాను. ఏ చోట కొత్త రకం శత్రువు కనబడినా, అతనితో మొదటి పోరు గెలవడానికి ఆడకండి. ఒక్కణ్ణే మిగుల్చుకుని, మీ వంతులో గెంతు కొట్టి, దిగేటప్పుడు నొక్కాల్సిన రెండో నొక్కు నొక్కకుండా వదిలేయండి. దెబ్బ సగమే పడుతుంది, శత్రువు ఇంకాసేపు బతుకుతాడు. ఆ సేపంతా అతను ఎలా కొడుతున్నాడో చూడండి.

ప్రతి శత్రువుకీ దెబ్బకి ముందు ఓ సైగ ఉంటుంది. కొందరు ఎవర్ని కొట్టబోతున్నారో వాళ్ళ వైపు తిరుగుతారు. కొందరు పరిగెత్తుకొచ్చే ముందు తడబడతారు. ఆ తడబాటు ఉంటే ఒకరి మీదికి, లేకపోతే ఇంకొకరి మీదికి. బాస్‌లకైతే చేతి రంగు, ఎత్తిన చేయి, నవ్వు, ఏదైనా సైగ కావచ్చు. ఒక్కో శత్రువుకీ రెండు మూడు దాడులకి మించి ఉండవు కాబట్టి, అయిదారు వంతులు చూస్తే బట్టీ వచ్చేస్తాయి. ఈ అయిదు నిమిషాలు తర్వాత అయిదు గంటలు మిగులుస్తాయి.

గెంతడంలో అందరూ చేసే తప్పు తొందర. దెబ్బ కదలగానే నొక్కేస్తారు, మారియో పైకి లేచి, కిందికి దిగి, సరిగ్గా దెబ్బ దగ్గరికే చేరతాడు. అది కాళ్ళ దగ్గరికి వచ్చిందనిపించేదాకా ఆగండి. శత్రువు నేల మీద పరిగెత్తుకొస్తుంటే, సరిగ్గా గెంతితే తప్పించుకోవడమే కాదు, వాడి నెత్తి మీదే దిగుతారు. వాడి వంతులో వాడికే దెబ్బ. ముళ్ళున్న వాటి మీద మాత్రం ఇది చేయొద్దు, మీ కాళ్ళకే గుచ్చుకుంటాయి.

3. ఇప్పుడు కొట్టండి

గెంతు దెబ్బకి శత్రువు నెత్తి మీద దిగే క్షణంలో మళ్ళీ అదే బటన్ నొక్కాలి. సరిగ్గా పడితే ఇంకోసారి గెంతుతాడు.

సుత్తులు హూహూ గ్రామంలో దొరుకుతాయి. అక్కడి కమ్మరి అన్నదమ్ములకి కావలసిన రాయి తెచ్చిస్తే చేసిపెడతారు. సుత్తి దెబ్బకి లెక్క వేరు. ఎత్తిన సుత్తి పూర్తిగా వెనక్కి వెళ్ళిన క్షణంలో నొక్కాలి. ఇంకాస్త ఆగితే బలం పెరుగుతుందేమో అని ఆశపడితే సుత్తి తల ఊడి కింద పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు పడీపడీ నవ్వాను, బాస్ ముందు జరిగినప్పుడు నవ్వు రాలేదు.

ఎగిరేవాటికి గెంతు, ముళ్ళవాటికి సుత్తి, ఇది కళ్ళు మూసుకుని గుర్తుపెట్టుకోవలసిన లెక్క. తర్వాత ఓహో ఒయాసిస్‌లో మారియోకి నిప్పు చేయి, లుయిగికి మెరుపు చేయి వస్తాయి. అప్పట్నుంచి ఏ శత్రువుకి ఏది పడదో ఒక్కసారి పరీక్షించి చూసుకోవాలి.

బయట తిరుగుతున్నప్పుడు శత్రువు మీదికి మీరే ముందు గెంతితే యుద్ధం మొదలవగానే ఉచితంగా ఓ దెబ్బ. పారిపోవాలంటే రెండు బటన్లూ టకటకా నొక్కాలి, కాయిన్లు రాలిపోతుంటాయి. ప్రాణం కంటే కాయిన్లు ఎక్కువ కాదు.

4. ఉమ్మడి దెబ్బలు

అన్నదమ్ములిద్దరూ కలిసి కొట్టే బ్రదర్ దాడులకి బీపీ అనే పాయింట్లు ఖర్చవుతాయి. వీటిని మూడు స్థాయిల్లో వాడుకోవచ్చు. మొదటి స్థాయిలో ఆట నెమ్మదించి ఏ బటన్ నొక్కాలో తెర మీదే చూపిస్తుంది, కానీ బీపీ ఎక్కువ తింటుంది. పై స్థాయికి వెళ్ళే కొద్దీ సాయం తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. సాయం కావాలంటే డబ్బు కట్టాలన్నమాట, ట్యూషన్ ఫీజు లాగా. నా సలహా: కొత్త దాడి వచ్చినప్పుడు చిన్న శత్రువుల మీద మొదటి స్థాయిలో నాలుగైదు సార్లు వాడి లయ పట్టుకుని, వెంటనే పైకి వెళ్ళిపోండి. బాస్ దగ్గర నేర్చుకుందామనుకుంటే బీపీ అక్కడే అయిపోతుంది.

ఒక రహస్యం ఆట గట్టిగా చెప్పదు. ఈ దాడుల మధ్యలో ఒకచోట మామూలుగా నొక్కే బటన్ బదులు రెండోది నొక్కితే దెబ్బ ఇంకో రూపం తీసుకుంటుంది. అలా తగినన్నిసార్లు చేస్తే అది 'అడ్వాన్స్‌డ్' దాడిగా నిలిచిపోతుంది. తప్పు నొక్కామనుకుని చాలామంది దీన్ని చూడకుండానే ఆట ముగించేస్తారు.

ఇద్దరిలో ఒకరు పడిపోతే ఉమ్మడి దెబ్బ ఉండదు. పైగా పడిపోయినవాణ్ణి రెండోవాడు మోస్తూ తప్పించుకోవాలి. గెంతు బరువెక్కుతుంది. అందుకని లేపడం వాయిదా వేయొద్దు. వన్-అప్ పుట్టగొడుగు సగం హెచ్‌పీతో (అంటే సగం ప్రాణంతో) లేపుతుంది, వన్-అప్ సూపర్ పూర్తిగా లేపుతుంది. ఎప్పుడూ కనీసం మూడు దగ్గర పెట్టుకోండి.

5. లెవల్ పెరిగినప్పుడు: మీసం సంగతి

లెవల్ పెరిగిన ప్రతిసారీ ఆరు గుణాల్లో ఒకటి ఎంచుకుంటే ఓ చక్రం తిరిగి అదనపు పాయింట్లు ఇస్తుంది. హెచ్‌పీ, బీపీ, పవర్, డిఫెన్స్, స్పీడ్, ఆరోది మీసం. నిజంగానే మీసం. దాని బలం పెరిగితే అదృష్టపు దెబ్బలు ఎక్కువ పడతాయి, దుకాణాల్లో ధరలూ తగ్గుతాయి. మీసం మెలేస్తే రేటు తగ్గించే దుకాణదారులు ఈ రాజ్యంలోనే ఉన్నారు.

ఒకే గుణాన్ని వరసగా ఎంచుకుంటే చక్రంలోని అంకెలు చిన్నవవుతూ పోతాయి. కాబట్టి మొత్తం పవర్‌కే పెట్టే ప్లాను లాభం లేదు. నేను ఒకసారి పవర్, ఒకసారి మీసం, అప్పుడప్పుడు స్పీడ్, ఈ మూడూ మార్చి మార్చి తీసుకుంటాను. డిఫెన్స్ ముట్టుకోను, ఎందుకంటే దెబ్బ తప్పించుకోవడమే నా డిఫెన్స్. చేయి ఇంకా తిరగలేదనిపిస్తే మొదటి కొన్ని లెవల్స్ హెచ్‌పీకి పెట్టుకోండి, తప్పేం లేదు.

ఇక్కడే అందరూ చేసే పెద్ద పొరపాటు. పడిపోయి ఉన్నవాడికి ఆ పోరులో అనుభవం పాయింట్లు రావు. లుయిగి పడిపోయినా మారియో ఒక్కడితో లాగించేస్తే అన్న ముందుకి, తమ్ముడు వెనక్కి. కొంత దూరం వెళ్ళాక మారియో తినకూడని పుట్టగొడుగు తిని జ్వరంతో మంచం ఎక్కుతాడు. మందు ఆకు కోసం లుయిగి ఒక్కడే గఫావా శిథిలాలకి వెళ్ళాలి. అప్పుడు తెలుస్తుంది తమ్ముణ్ణి ఎంత నిర్లక్ష్యం చేశామో. పోరు ముగించే ముందు పడిపోయినవాణ్ణి లేపి, ఆ తర్వాతే ఆఖరి దెబ్బ కొట్టండి.

వేసుకునేవాటిలో ముఖ్యం ప్యాంట్లు. అవును, ఈ ఆటలో కవచం ప్యాంటే. కొత్త ఊరికి చేరగానే ముందు ఇద్దరికీ ప్యాంట్లు, తర్వాత బ్యాడ్జిలు, మిగిలితే బీపీ నింపే సిరప్‌లు.

6. దారిలో చేయవలసిన చిల్లర పనులు

సుత్తి పోరుకే కాదు. మారియో లుయిగి నెత్తి మీద కొడితే లుయిగి భూమిలోకి దిగిపోతాడు, కంచెల కింద నుంచి అవతలికి వెళ్తాడు. లుయిగి మారియో నెత్తి మీద కొడితే మారియో బుడ్డోడై సందుల్లోకి దూరతాడు. ఎక్కడైనా దారి మూసుకుపోయిందంటే ఈ రెండింట్లో ఒకటి. అదీ కాకపోతే ఎత్తు గెంతు, తిరుగుడు గెంతు. ఇవన్నీ ఎవడు ముందు నిలబడ్డాడన్నదాన్ని బట్టి మారతాయి, స్టార్ట్ బటన్‌తో వరస మార్చుకోండి. తెర మీది గుర్తులు చూడకుండా నొక్కితే అన్న తమ్ముణ్ణి ఊరికే కొట్టినట్టవుతుంది.

నేల మీద గుర్తు ఉన్న చోటల్లా లుయిగిని భూమిలోకి దింపి తవ్వండి, గింజలు దొరుకుతాయి. బీన్‌బీన్ రాజధానిలోని స్టార్‌బీన్స్ కెఫేలో ఈ గింజలతో కాఫీ కలిపిస్తారు. ఒక్కో కాఫీ ఒక్కో గుణాన్ని శాశ్వతంగా పెంచుతుంది. కొత్త రకం కాఫీ తాగినప్పుడల్లా అక్కడే కూర్చునే ప్రొఫెసర్ ఈ. గాడ్ ఓ బహుమతి ఇస్తాడు. గింజల్ని దాచుకుని ఆఖర్లో ఒకేసారి తాగుదామనుకోకండి, ముందే తాగితే ముందునుంచే లాభం.

7. ఎక్కడెక్కడ తట్టుకుంటారు

మొదటి గట్టి దెబ్బ బీన్‌బీన్ కోటలో రాణిగారి దగ్గర. కాకలెట్టా పుణ్యమా అని ఆవిడ కొండంత రాక్షసి అయి ఉంటుంది. ఆవిడ శరీరంలో ఒక్కో భాగాన్నీ విడిగా గురిపెట్టొచ్చు. ఇలాంటి బాస్ ఎవరు వచ్చినా మొదటి రెండు వంతులు పరీక్షకే వాడండి. చేతికి ఒక దెబ్బ, తలకి ఒక దెబ్బ వేసి అంకెలు చూడండి. ఎక్కడ పెద్ద అంకె పడిందో అదే దారి. బీపీ అప్పటిదాకా దాచుకోండి.

రాణి రోగానికి మందు చకుల్‌హక్ అడవిలో ఉన్న పాత చకోలా పానీయం. అక్కడ ఓ ముసలి చెట్టు ఎరుపు, ఊదా, తెలుపు రంగుల్లో మూడు పళ్ళు అడుగుతుంది. అడవి చిక్కుముడిలా ఉంటుంది, ఒక్కో పండు దిక్కూ పూర్తిగా ముగించాకే రెండోదానికి వెళ్ళండి. ఇక్కడే పాపుల్ అనే దొంగ, జ్ఞాపకశక్తి పోయి వాడికి శిష్యుడిగా చేరిన ఓ భారీకాయుడు మీకు ఎదురవుతారు. ఆ శిష్యుడు ఎవరో పోల్చుకోవడం కష్టమేమీ కాదు.

చివర్లో బౌజర్ కోటలో అతని అనుచరులు, ఏడుగురు కూపాలింగ్‌లు వరసగా తగులుతారు. కొందరి పోరులో వంతుల లెక్క పెట్టి బాంబు పేలుతుంది. అక్కడ జాగ్రత్త పడుతూ కూర్చుంటే కుదరదు, ఎర్ర మిరపకాయ తిని పవర్ పెంచుకుని గబగబా కొట్టేయాలి. ప్రతి సేవ్ బ్లాక్ దగ్గరా సేవ్ చేయండి. స్విచ్‌లో ఆడేవాళ్ళకి వెనక్కి తిప్పుకునే సౌకర్యం ఉంది. వాడుకోండి, కానీ కొత్త శత్రువు మొదటి పోరులో వద్దు, సైగలు వంటబట్టవు.

ఇక ఆఖరి పోరు. కాకలెట్టా ఆత్మతో తలపడేసరికి ముందు జరిగిన పేలుడు వల్ల అన్నదమ్ములిద్దరికీ ఒక్కొక్క హెచ్‌పీ మాత్రమే మిగిలి ఉంటుంది. పైగా మొదటి దాడి ఆమెదే. పుట్టగొడుగు తినడానికి మీ వంతు రావాలంటే ముందు ఆ దాడిని ఇద్దరితోనూ తప్పించుకోవాలి. ఎన్ని లెవల్స్ పెంచినా ఆ క్షణంలో మీ దగ్గరున్నది ఒక్క బొటనవేలే.

ఓడిపోతే కంగారు పడకండి, రెండు మూడు సార్లు ఓడిపోవడం మామూలే. ఓడినప్పుడల్లా ఆ మొదటి దాడి ఎవరి మీదికి ముందు వస్తోందో చూసుకోండి. తట్టుకోగానే ఒకరు ఇద్దరి వైద్యమూ చూసుకోవాలి, రెండోవాడు కొట్టడం మొదలుపెట్టకూడదు. ఇద్దరి హెచ్‌పీ సగం దాటాకే ఆమె చేతుల మీద పడండి. తలని పడగొడితే గుండె బయటపడుతుంది. దాచుకున్న బీపీ అంతా ఖర్చు పెట్టాల్సింది దాని మీదే. టీ మాత్రం అయ్యాక పెట్టుకోండి.